ఓడినవారికి పాలకోవా

రాజపాళయంలో బ్యాండేజి గుడ్డ నేయించే కల్యాణసుందరి ఆ ఉదయం మధురై బయల్దేరుతూ, మిల్లును ఒక్క రోజుకు అల్లుడు రాజ్‌కమల్‌కు అప్పగించింది. సాయంత్రం ఆస్పత్రి తరఫున గుడ్డ కొనే పెద్దమనిషిని వెంటబెట్టుకొస్తుంది. సరుకు ఆయనకు నచ్చితే నడుముకున్న తాళాలగుత్తి అల్లుడి చేతికిస్తానంది. పెళ్లినాటి నుంచీ రాజ్‌కమల్ కన్ను ఆ గుత్తి మీదే.

మగ్గాల్ని వాటి మానాన ఆడనిస్తే సరిపోయేది. కానీ కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. ఏ దేశం కొత్త ఆలోచనలకు ఎలా ఊతమిస్తుందో పోల్చి చెప్పే శిక్షణకు కోయంబత్తూరు వెళ్లొచ్చాడతను. అక్కడిచ్చిన పట్టికను గోడకు అంటించి అందరికీ చదివి వినిపించాడు. జర్మనీలో కొత్తవాణ్ణి పనివచ్చినవాడి పక్కన నిలబెట్టి నేర్పిస్తారు. అది ఏళ్ల తరబడి సాగే వ్యవహారమని కొట్టేశాడు. కొరియాలో సర్కారే పెద్ద కంపెనీలను ఎంచి చేయూతనిచ్చింది. మనకు సర్కారు ఫోనైనా ఎత్తదు. జపాన్‌లో పనివాళ్లే సలహాలిస్తారు. ఇక్కడ సలహాలడిగితే ఎవరి నెత్తిమీద వాళ్లకు ఫ్యాను కావాలన్నారు. ఇక మిగిలింది ఫిన్లాండు. అక్కడ ఓటమికి కూడా ఒక రోజు కేటాయించి వేడుక చేసుకుంటారు.

"కొత్తగా ఒకటి చేసి ఓడిపోయినారంటే తిట్టను. శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా ఇస్తాను," అన్నాడు రాజ్‌కమల్.

ఎవరూ నమ్మలేదు. కాసేపటికి, మిల్లులో అందరికంటే పాత నేతగత్తె పాక్కియం తన మగ్గంలో నూలు బిగువు మార్చి చూస్తే గుడ్డ జల్లెడైంది. ఆవిడ భయపడుతూ వచ్చి చెప్పుకుంది. రాజ్‌కమల్ చప్పట్లు కొట్టి కోవా పొట్లం చేతిలో పెట్టాడు.

ఒకరికి తీపి పెట్టి పక్కవారిని చూస్తూ కూర్చోబెట్టడం ఆ ఊళ్లో మర్యాద కాదు. పాక్కియం పక్క మగ్గాలవాళ్లు తమ వంతు గుడ్డ చింపుకుని వరసగా వచ్చారు. గుడ్డ తెల్లబరిచే సంకరలింగం ఇంకాస్త ఆలోచనాపరుడు. పసుపు క్రిముల్ని చంపుతుంది కదా అని తొట్టిలో బుట్టెడు పసుపు కుమ్మరించాడు. ఆస్పత్రి సరుకంతా పసుపు పచ్చనైంది. ఇంత పెద్ద ఓటమికి ఒక్క పొట్లం చాలదని అతనే అడిగి రెండు తీసుకున్నాడు.

కోవా అయిపోవచ్చింది. ఉన్న ఆఖరి పొట్లం పక్కన పెట్టి, మరికొంత తెమ్మని ఆటో నడిపే కళైయరసన్‌ను పక్కనున్న శ్రీవిల్లిపుత్తూరుకు పంపాడు రాజ్‌కమల్. కాసేపటికి ఫోను వచ్చింది.

"సార్, మంసాపురం కాడ కొత్త దారిలో పోయి బురదలో దిగబడినాను. నేనూ ఓడినట్టే కదా? నాకొక పొట్లం ఎత్తిపెట్టండి."

ఆటో లాగడానికి మగవాళ్లంతా వెళ్లారు. మగ్గాలు ఆగిపోయాయి. గోరుచుట్టు మీద రోకటిపోటులా అత్తగారు చెప్పిన వేళకన్నా ముందే దిగింది. వెంట వచ్చిన పెద్దమనిషి పచ్చటి గుడ్డను పట్టి చూశాడు. ఇది గాయానికా, పెళ్లికా అని మర్యాదగా అడిగి, టీ తాగి వెళ్లిపోయాడు.

కల్యాణసుందరి అరవలేదు. అరిచినా బాగుండేదని రాజ్‌కమల్‌కు అనిపించింది. జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ఆవిడ గోడ మీది పట్టికను పై నుంచి కిందికి నిదానంగా చదివింది. అందరికంటే కొత్త పని చేసి, అందరికంటే పెద్దగా ఓడిందెవరని పాక్కియంను అడిగింది. పాక్కియంతో పాటు షెడ్డంతా రాజ్‌కమల్ వైపే చూసింది.

కల్యాణసుందరి ఆఖరి పొట్లం తీసి అల్లుడి చేతిలో పెట్టింది.

"మాప్పిళ్ళై, ఫిన్లాండు ప్రకారం ఇది మీది. జర్మనీ ప్రకారం రేపటినుంచి పాక్కియం పక్కన నిలబడి మగ్గం నేర్చుకోండి."

ఏ దేశం ప్రకారం చూసినా తాళాలు మాత్రం అతనికి రాలేదు.