చిటికె సెలవు

ఆఫీసులో అతన్ని అందరూ చిటికె అనే పిలిచేవారు. ఏ పని చెప్పినా "చిటికెలో అయిపోతుందండీ" అనడం అతని అలవాటు. ఆ తర్వాత సరిదిద్దుకుంటూ కూర్చోవడం మిగతావాళ్ల వంతు. ఆ ఉదయం మాత్రం అతని తొందరకు న్యాయమైన కారణమే ఉంది. ఆఫీసు తెరలన్నిటి మీదా కంపెనీ కొత్త లోగో పెట్టేస్తే, మధ్యాహ్నం రైలు, వారం రోజుల సెలవు. పెళ్లయిన నాటి నుంచి భార్యకు చూపిస్తానంటున్న సముద్రం ఇన్నాళ్లకు చేతికందేలా ఉంది.

"పెట్టెలు సర్దేశాను. ఈసారీ మీరు రాకపోతే నేనొక్కదాన్నే పోతాను," అంది భార్య ఫోనులో.

"చిటికెలో వచ్చేస్తా."

పని నిజంగానే చిన్నది. బొమ్మను ఉన్నదున్నట్టు తెరలకు పంపడం కుదరదు. ఫలానా ఫైలు చదివి, అక్షరాల వరుసగా మార్చి పంపమని కోడ్‌లో ఒక్క లైను రాయాలి. తెరలు ఆ అక్షరాలను విప్పుకుని మళ్లీ బొమ్మ చూపిస్తాయి. చిటికె అతిజాగ్రత్తకు పోయి, బొమ్మను ముందే తన చేత్తో అక్షరాలుగా మార్చి ఆ ఫైలు ఇచ్చాడు. కోడ్ దాన్ని మరోసారి మార్చింది. తెరలు ఒక పొరే విప్పాయి.

తెరల నిండా తలాతోకా లేని అక్షరాలు. ఎవరో కంప్యూటర్లలో దూరారంది రిసెప్షనిస్టు. ఆ గోరంత మాట మేనేజరు గదికి చేరేసరికి కొండంతైంది. ఆయన తలుపులన్నీ మూయించాడు. క్యాషియరు బీరువాకు వీపు ఆనించి నిలబడ్డాడు. బయట తలుపు బాదుతున్న మనిషిని వాచ్‌మన్ కాలరు పట్టుకుని హాల్లోకి లాక్కొచ్చాడు. తీరా చూస్తే ఆయన ఓనరు.

సీనియర్ మేడం కోడ్ చూసి నవ్వింది. "దొంగా లేడు, దొరా లేడు. రెండుసార్లు మార్చావు బాబూ. అసలు బొమ్మ పేరు ఇచ్చేస్తే సరి. నేను మారుస్తాలే," అంటూ తన సీటుకి వెళ్లింది.

అసలు బొమ్మ తెరిచి చూసిన చిటికెకు పైప్రాణాలు పైనే పోయాయి. తొందరలో అతను ప్రతి ఫైలుకీ 'చివరిది' అని పేరు పెడతాడు. ఈ చివరిదిలో లోగో లేదు. కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరిచి నిద్రపోతున్న మేనేజరు ఉన్నాడు. భార్యను నవ్విద్దామని మొన్న తీసిన ఫోటో అది. అంటే ఇంతసేపూ అతని ఉద్యోగాన్ని కాపాడింది అతని తప్పే.

ఒక్క ఉరుకున మేడం దగ్గరికి వెళ్లాడు. "అలాగే ఉంచేద్దామండీ. అక్షరాలు కూడా బానే ఉన్నాయి."

"ఓనరుగారు హాల్లో ఉంటే ఏంటీ పరాచికాలు? జరుగు."

"నేనే చేస్తానండీ, చిటికెలో..."

"నీ చిటికెలు చూశాంలే," అని ఆమె మీట నొక్కేసింది.

హాల్లో ఏ తెర చూసినా మేనేజరే నిద్రపోతున్నాడు. అసలు మేనేజరు వాటి కింద నిలబడి చెమటలు తుడుచుకుంటున్నాడు. ఓనరు నలిగిన కాలరు సర్దుకుంటూ చాలాసేపు చూశాడు. చిటికెకు ఏడుపొక్కటే తక్కువ.

"పాపం," అన్నాడు ఓనరు. "ఎంత అలిసిపోతే కూర్చున్నచోటే ఇలా పడిపోతారు? ఇంత చాకిరీ చేయిస్తున్నానని నాకెవరూ చెప్పలేదు. మీరు ఇవాళే వారం సెలవు మీద వెళ్లండి. ఇంతకీ ఇది నాకు చూపించే ధైర్యం చేసిందెవరు?"

మేడం చిటికెను ముందుకు తోసింది.

"మనసున్నవాడివోయ్. ఆయన వచ్చేదాకా ఆ కుర్చీ నువ్వే చూసుకో."

మేనేజరు వెళ్తూ వెళ్తూ అతని దగ్గర ఆగాడు. "నువ్వేదో సముద్రానికని సెలవు అడిగావు కదా, ఎక్కడది?"

భార్య అన్నంత పనీ చేసింది. మర్నాడు ఆమె పంపిన ఫోటోలో సముద్రం బ్రహ్మాండంగా ఉంది, దాని ముందు ఇసుకలో నోరు తెరిచి నిద్రపోతున్న మేనేజరుతో సహా.

చిటికె దానికి 'చివరిది' అని పేరు పెట్టి దాచుకున్నాడు.