నాలుగు రాత్రుల లెక్క

తొమ్మిదింటికి పెద్ద డాక్టరు వస్తాడు, పదింటికల్లా ఇంటికి పోవచ్చు. ఆ ఉదయం గడియారాల మేస్త్రీ వేసుకున్న పథకం ఇంతే. గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో చేరి నాలుగు రోజులైంది. ఆ నాలుగు రాత్రులూ ఆయన కంటిమీద కునుకు లేదు. గుండె మిషను కొట్టే చప్పుళ్లు లెక్కపెడుతూ గడిపాడు. నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసిన చెవి అది. మధ్యమధ్య ఒక దెబ్బ ఆలస్యంగా పడేది. అలా నడిచి నడిచి ఆగిపోయిన గడియారాలను ఆయన ఎన్ని చూడలేదు! తాను నిద్రపోతే ఇదీ ఆగిపోతుందని వణికిపోయాడు.

ఆ మాట బయటపెడితే ఇంటికి పంపరేమోనని ఇంకో భయం. అందుకే సిస్టరు వచ్చి నిద్ర పట్టిందా అని అడిగితే, ఎనిమిది గంటలు ఒళ్లు తెలియకుండా పడుకున్నానని కోతలు కోశాడు. ఆమె అదే రాసుకుని వెళ్లింది.

చిన్న డాక్టరు వచ్చేసరికి మేస్త్రీ టీ గ్లాసు చేత్తో పట్టుకునే జోగుతున్నాడు. చిన్న డాక్టరు కాగితం చూశాడు, మనిషిని చూశాడు. ఎనిమిది గంటలు పడుకున్నవాడు పొద్దున్నే జోగడమేమిటి? మెదడుకు రక్తం సరిగా అందడం లేదేమో, తలకు స్కాను తీయాలన్నాడు. పక్కనే ఉన్న భార్యను అడిగితే, పెళ్లయినప్పటినుంచి ఈయన పగలు కునుకు తీయగా చూడలేదని ఉన్నమాట చెప్పి ఏడుపు లంకించుకుంది. దాంతో అనుమానం కాస్తా రూఢి అయిపోయింది.

మేస్త్రీ గుండెల్లో రాయి పడింది. భయానికి దడ పుట్టి మిషను తెరమీద అంకెలు ఎగబాకాయి. వాటిని చూసి సిస్టరు పెద్ద డాక్టరు కోసం పరుగెత్తింది. ఆయన వస్తూనే ఐసీయూలో మంచం ఖాళీ ఉందేమో కనుక్కోమన్నాడు. ఇంటి సంగతి దేవుడెరుగు, ఈ వార్డు కూడా దక్కేలా లేదు. ఇక ప్రాణాలమీదికి వచ్చినట్టేనని మేస్త్రీ నోరు విప్పాడు.

“డాక్టరుగారూ, నేను అబద్ధం చెప్పానండీ. నాలుగు రాత్రులుగా కంటిమీద రెప్ప వేయలేదు. నా గుండె దెబ్బ తప్పుతోంది. నిద్రపోతే ఆగిపోతుందని కాపలా కాస్తున్నాను.”

పెద్ద డాక్టరు చెవి ఒగ్గి ఆ చప్పుళ్లు విన్నాడు.

“మీ మిషను సౌండు మొదటిరోజే తీసేశాం. మీరు వినేది కర్టెన్ అవతలి మంచం ఆయనది. ఆయనకి అలా అప్పుడప్పుడూ తప్పడం మామూలే, ప్రమాదమేం లేదు. మీ గుండె బాగానే ఉంది. ఇవాళ నిద్రపోండి, రేపు ఇంటికి పంపిస్తాను.”

మేస్త్రీకి సిగ్గేసింది, వెనకే ఏడుపూ వచ్చింది. నాలుగు రాత్రులు తాను కాపలా కాసింది, అవతలి మంచంమీద హాయిగా గురకపెట్టిన బస్సు డ్రైవరు గుండెకు అన్నమాట.

“ఏమండీ, ఇన్నాళ్లూ ఒక్కరే భయపడ్డారా? నాకైనా చెప్పకూడదా?” అంది భార్య, ఆయన చేతిలోని గ్లాసు తీసుకుంటూ.

మేస్త్రీ అప్పటికే నిద్రలో మునిగిపోయాడు.

కర్టెన్ అవతల అంతా విన్న బస్సు డ్రైవరు మాత్రం లేచి కూర్చుని, ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టాడు.