మునసబుగారి మనవడి చక్రాల బండి

మునసబు సూర్యనారాయణగారూ, ఆయన అరుగు మీద కూర్చుని తలలూపిన పెద్దలారా! కాలవ మీద వెయ్యవలసిన తాటిదూలాలు దొంగిలించింది మీరు. ముందు ఈ మాట రాసుకోండి. తరవాత మీ ఘనకార్యాన్ని నేనే పొగుడుతాను.

మాది కొత్తపేట ఊరికి దిగువనున్న పేట. ఆనకట్ట కట్టిన మరుసటేడు సర్కారువారు మా పేటకీ ఊరికీ మధ్య కాలవ తవ్వించారు. మెడలోతు నీళ్లు. వంతెనకని మేము నాలుగు తాటిచెట్లు కొట్టి, చీల్చి, గట్టున పెట్టుకున్నాం.

ఆ వారమే మునసబుగారికి మనవడు పుట్టాడు. ధవళేశ్వరంలో ఒక దొరసాని పిల్లను చక్రాల బండిలో తోసుకుపోవడం ఆయన కళ్లారా చూసి ఉన్నారు. అలాంటిది లేకపోతే వంశం పరువేం గాను? కోరంగి నుంచి మూడు బండ్లు పడవ మీద వచ్చాయి. సభ తీరింది. మూడు చక్రాలది అపశకునమని పురోహితుడు తోసేశాడు. మేక లాగేదానికి మునసబుగారే ఒప్పుకోలేదు. మనవడు లోకంలో మొదట చూసేది మేక తోక కాకూడదట. నాలుగు చక్రాలదానికి తోలు గూడుంది. దాని మీద పట్టు కప్పి, నీళ్లు చల్లి శుద్ధి చేశారు. వంతెన కోసం మేము పెట్టుకున్న అర్జీ మీద ఇంత లోతైన విచారణ ఎన్నడూ జరగలేదు.

బండి ఎంచుకున్నాక తెలిసింది, అది నడిచే దారి ఊళ్లో లేదని. చక్రాలు బురదలో ఇరుసుదాకా దిగాయి. అందుకని మా దూలాలు తెచ్చి వాకిట్లో పరిచారు. నలభై అడుగులు. చివర తిప్పుకునే చోటు లేదు. నలుగురు బోయీలు బండిని ఎత్తి తిప్పుతారు.

పిల్లవాడేమో బండిలో పెడితే గుక్కపట్టేస్తాడు. ఊరుకునేది మరిడమ్మ చంకనెక్కితేనే. మరిడమ్మ మా పేట మనిషి. తన నాలుగు నెలల పిల్లను తట్టలో పడుకోబెట్టి, తట్ట నెత్తిన పెట్టుకుని, రోజూ కాలవ దాటి ఆ ఇంటి పిల్లాణ్ణి ఆడించడానికి వెళ్తుంది. గట్టు మీద సాయంత్రం షికారు ఇలా సాగుతుంది: ముందు మరిడమ్మ చంకలో మనవడు, వెనక బోయీల భుజాల మీద ఖాళీ బండి.

"పోనీ వాకిట్లో బండి నన్ను తొయ్యమంటారాండీ?" అందొకనాడు.

"నువ్వా? మైలపడిపోదూ!" అన్నారు మునసబుగారి భార్య కామేశ్వరమ్మగారు. "పిల్లాణ్ణి సరిగ్గా ఎత్తుకోవే."

మొన్న మంగళవారం కాలవలో మరిడమ్మ కాలు జారింది. తట్ట కొట్టుకుపోయింది. వెనకే వస్తున్న బోయీ పోలయ్య మునిగి, పిల్ల కాలు దొరకబుచ్చుకున్నాడు. తడిబట్టలతోనే అరుగు ముందుకెళ్లి నిలబడ్డాడు.

"బాబుగారూ, దూలాలిప్పించండి. పిల్ల పోయేదండీ."

"పోలేదు కదరా! దూలాలు తీస్తే బండి దేని మీద నడుస్తుంది?"

"ఆయ్, నడిచేది మేమే కదండీ."

అరుగంతా నవ్వింది. చదువుతున్న మీరూ నవ్వే ఉంటారు. అయిందా, అరుగు మీది పెద్దలారా? లేవండి. రేపు పొద్దున్న మరిడమ్మ తట్ట నెత్తికెత్తుకునేలోగా నాలుగు చెట్ల దూలాలూ కాలవ మీద ఉండాలి. బోయీలు రారు, వాళ్లు మాతో గట్టున నిలబడి చూస్తారు. అరుగు మీదివాళ్లే మొయ్యాలి. మైల భయం వద్దు. మా చేతులు చీల్చిన దూలాల మీదే కదా ఇన్నాళ్లూ మీ చక్రాలు దొర్లాయి.

ఎత్తండి.