ఈశాన్యంలో రూటరు

ఒక పెద్ద అడవిలో, భగవంతుడి దయవల్ల నీడకూ నీళ్లకూ లోటు లేని అడవిలో, సిగ్నలుకు మాత్రం కరువుండేదండీ. ఆ కరువు కూడా ఆయన దయేనేమో, మన బుర్రలకే అందలేదేమో. సరే, వెనకాల కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు జరగండి, కథలోకి వెళదాం.

ఆ అడవికి రాజు కేసరి భూపాలుడనే సింహం. పళ్లు కదిలాక వేట మానేసి, ఫోనులో వేటాట మొదలుపెట్టాడు. పక్కడవిని ఏలేది చిత్రాంగి అనే చిరుతపులి. రెండడవుల మధ్యా ఒక మడుగుంది. అది మాదంటే మాదని తాతల నాటి నుంచీ తగువు. నెత్తురెందుకు చిందాలి, రాబోయే పౌర్ణమి నాటి మధ్యాహ్నం ఫోను ఆటలోనే తేల్చుకుందాం, గెలిచినవాళ్లదే మడుగు అని ఇద్దరూ ఒప్పుకున్నారు.

రాజుగారి పాత రూటరు సంగతి లోకానికంతా తెలుసు. ఆయన ఇక్కడ పంజా విసిరితే, ఆటలోని సింహం ఆవులించి, ఆలోచించి, అప్పుడు విసిరేది. పైగా గుహనిండా స్మార్టు సామాను. దీపం మాటకే వెలగాలి, ఫ్యాను మాటకే తిరగాలి, గది తలుపు 'తెరుచుకో' అంటే తెరుచుకోవాలి. ఇన్ని నోళ్లకీ ఆ ముసలి రూటరొక్కటే మేత పెట్టాలి.

అందుకని కొత్త రూటరు ఎంపికకు కమిటీ వేశారు. అధ్యక్షుడు ఏదుపంది ఏకాంబరం. అతని అర్హతేమిటంటారా, ఒంటినిండా యాంటెనాల్లాంటి ముళ్లు. అంతకంటే తక్కువ అర్హతతో మనం ఎన్ని కమిటీల్లో కూర్చోలేదు చెప్పండి.

ఏకాంబరానికి మాత్రం ఇది కొంపకు సంబంధించిన వ్యవహారం. అతని బొరియ సరిగ్గా ఆ మడుగు గట్టునే ఉంది. మడుగు పోతే ఇల్లూ పోయినట్టే.

"ఏవండీ, ఇవాళన్నా సభలో నోరు విప్పండి," అంది అతని భార్య సుభాషిణి, దుంపలు ముందుకు తోస్తూ. "ఎప్పట్లా అందరికీ తలూపి రాకండి."

"ఈసారి నేను అధ్యక్షుణ్ణే."

"అదే నా భయం," అంది ఆవిడ.

సభకు దుకాణదారు ముంగిస ముకుందం రెండు రకాలు తెచ్చాడు. మొదటిది చిన్న చిన్న డబ్బాల జత. "గదికొకటి పెట్టుకుంటే ఒకదాన్నుంచి ఒకటి అందుకుని మూలమూలకీ చేరవేస్తాయండి. ఇంత లోతు గుహకి ఇదే నయం," అన్నాడు. రెండోది ఎనిమిది కొమ్ముల గేమింగు రూటరు. ఆన్ చేస్తే తిరునాళ్లలో ప్రభలా రంగులు చిమ్మింది.

కమిటీ సభ్యురాలు ఏనుగు ఐరావతమ్మ తొండంతో రెండింటినీ ఎత్తి చూసింది. "చిన్నవి ఎత్తినట్టే లేవు నాయనా. సర్కారు సొమ్ముతో కొన్నది చేతికి తగలాలి."

చిన్నవే మేలని ఏకాంబరానికి తెలుసు. చెప్పబోయాడు కూడా. ఈలోగా ముకుందం గాలి ఎటుందో చూసుకుని, పెద్దదాన్ని అతని పక్కన నిలబెట్టి, "అధ్యక్షుల వారికి తమ్ముడిలా లేదూ," అన్నాడు. సభ చప్పట్లు కొట్టింది. ఏకాంబరం ముళ్లు వాటంతటవే నిక్కబొడుచుకున్నాయి. తమ్ముణ్ణి కాదనడానికి అతనికి మనసొప్పలేదు.

సామాను అప్పగిస్తూ ముకుందం చెవిలో ఒక మాట చెప్పాడు. "అయ్యా, పెద్దదే తీసుకున్నారు గనక గుహకి నడిమధ్యన, ఎత్తులో, అడ్డం లేకుండా పెట్టించండి. ఎనిమిది కొమ్ములున్నా కొండరాయిని పొడవలేదు."

ఇక ఎక్కడ పెట్టాలన్న చర్చ వచ్చింది.

"ముట్టుకుంటే వేడిగా ఉంది. అగ్ని లక్షణం. ఆగ్నేయంలో, వంటింట్లో పెట్టండి," అంది ఐరావతమ్మ.

"గాలిలో కదమ్మా పోయేది, వాయవ్యం," అన్నారెవరో.

కొండముచ్చు సిద్ధాంతి కళ్లు మూసుకున్నాడు. ఆయన కళ్లు మూసుకుంటే సభ నోరు మూసుకుంటుంది. "కంటికి కనబడదు. అంతటా నిండి ఉంటుంది. ఉన్నదని నమ్మి కూర్చున్నవాడికే అందుతుంది. ఏమిటది?"

సభంతా చేతులు జోడించింది.

"కనుక ఈశాన్యం. దేవుడి మందిరంలో ప్రతిష్ఠ. రాజుగారి గది ఎటూ నైరుతిలోనే ఉంది, యజమాని స్థానం. అంతా శాస్త్రోక్తం."

ఏకాంబరం మనసులో లెక్క కట్టాడు. ఈశాన్యం నుంచి నైరుతికి, అంటే గుహలో ఆ మూల నుంచి ఈ మూలకి. నడుమ కొండరాయి. పైగా మందిరానికి ఇత్తడి తలుపులు. నోరు తెరిచాడు.

"అధ్యక్షుల వారేదో సెలవిస్తున్నారు," అంది ఐరావతమ్మ. తలలన్నీ ఇటు తిరిగాయి. సిద్ధాంతి ఒక కన్ను తెరిచాడు.

"అబ్బే," అన్నాడు ఏకాంబరం, "ముహూర్తం ఎప్పుడో అడుగుదామని."

ఇంటికెళ్లాక, "చెప్పారా?" అంది సుభాషిణి.

"సమయం కుదరలేదు."

"సమయానికా, మీకా?"

పౌర్ణమి నాటి పొద్దున్నే ప్రతిష్ఠ ఘనంగా జరిగింది. ఎనిమిది కొమ్ములకూ పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. నవ్వకండి, కొత్త ఫ్రిజ్జుకి బొట్టు పెట్టి, దండం పెట్టి, ఆ తర్వాత ప్లగ్గు పెట్టేవాళ్లమే మనమందరం. మందిరం ముందు కూర్చుని చూస్తే నెట్టు లేడిపిల్లలా ఉరికింది. దిష్టి తగులుతుందని వెంటనే ఇత్తడి తలుపులు మూసేశారు.

మధ్యాహ్నమైంది. రాజు నైరుతి గదిలోకి వెళ్లాడు, తలుపు మూసుకుంది. ఆట మొదలైంది. అవతల చిత్రాంగి ఆటలో దూకుతోంది, చీలుస్తోంది. కేసరి సింహం ఒక పంజా పైకెత్తి అలాగే నిలబడిపోయింది.

"ఏకాంబరం," లోపల్నుంచి రాజు పిలిచాడు, "మన సింహం ఆశీర్వదిస్తోందేమిటయ్యా?"

"మహాప్రభో, మందిరం దగ్గరకొచ్చి ఆడండి."

"తెరుచుకో," అన్నాడు రాజు తలుపుతో.

"నెట్టు అందడం లేదు. కాసేపాగి ప్రయత్నించండి," అంది తలుపు.

రాజు గర్జించాడు. కొండ అదిరింది. "క్షమించండి, మీ మాట అర్థం కాలేదు," అంది తలుపు.

ఏకాంబరం మందిరానికి పరుగెత్తాడు. ఇత్తడి తలుపుల ముందు సిద్ధాంతి చేతులు చాపి నిలబడ్డాడు. "యమగండం నడుస్తోంది నాయనా. ఇప్పుడు తీస్తే అరిష్టం."

ఒక్క తోపు చాలు. ఒంటినిండా ముళ్లున్నవాడికి దారివ్వని కొండముచ్చు ఉంటుందా? తన ఇల్లు, సుభాషిణి, మడుగు గట్టున నాటుకున్న దుంపలు, అన్నీ కళ్లముందు తిరిగాయి.

"ఇంకెంతసేపు స్వామీ?" అని అడిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

యమగండం పోయాక తలుపులు తెరిచారు. నైరుతిలో దీపం వెలిగింది, ఫ్యాను తిరిగింది, గది తలుపు తెరుచుకుంది, ఫోనులో 'మీరు ఓడిపోయారు' అన్న కబురు ఇట్టే అందింది.

విచారణ కమిటీ వేశారు. అధ్యక్షుడు ఏకాంబరమే, అనుభవమున్నవాడని. లోపం కొమ్ముల సంఖ్యలో ఉందని తేలింది. పదహారు కొమ్ములది తెప్పించాలని తీర్మానించి లేచారు.

ఏకాంబరం తల వేలాడేసుకుని ఇల్లు చేరేసరికి, మడుగు గట్టున చిత్రాంగి కూర్చుని ఉంది. బొరియ ఇప్పుడు ఆవిడ రాజ్యంలోది.

"కేసరి రూటరు కమిటీ అధ్యక్షుడివి నువ్వేనటగా?"

"చిత్తం," అన్నాడు. పంజా దెబ్బకి వీపు సిద్ధం చేసుకున్నాడు.

"అంత పెద్ద పదవి చేసినవాడివి, మాకూ సలహాదారుగా ఉండు. ఇల్లు ఖాళీ చేయక్కర్లేదు. మా రూటరు అడవి నడుమ చెట్టుకొమ్మకి వేలాడుతోంది. బాగానే పనిచేస్తుంది గానీ, గెలిచిన రాణికి మర్యాదగా లేదు. ఎక్కడ పెట్టమంటావు?"

కదపొద్దన్న మాట ఏకాంబరం గొంతుదాకా వచ్చింది. బొరియలోంచి సుభాషిణి తొంగి చూస్తోంది. అతను గొంతు సవరించుకున్నాడు.

"మీ సిద్ధాంతిగారిని ఒక్కమాట అడుగుదామండి."

నీతి: తెలిసింది చెప్పినవాడికి శత్రువులు దొరుకుతారు, మింగినవాడికి రెండో ఉద్యోగం దొరుకుతుంది.