సోమరాజుగారి ఆవేశం

శుక్రవారం సాయంత్రం జుఫైర్‌లోని ఓ హోటల్ హాల్లో, శ్రామిక గర్జన వేదిక బహ్రెయిన్ శాఖ అధ్యక్షులు సోమరాజుగారు కార్మికుల తరఫున ఆగ్రహిస్తారని వాట్సాప్‌లో ప్రకటన వెలువడింది.

ముత్యం డ్యూటీ దిగి నేరుగా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఆ ఆగ్రహం ముఖ్యంగా అతని కోసమే. అతని పాస్‌పోర్టు రెండేళ్లుగా యజమాని అయిన కఫీల్ బీరువాలో ఉంది. తను ఇటు వచ్చాక పుట్టిన బిడ్డను అతను ఫోన్లోనే చూస్తున్నాడు.

"మా ముత్యం పాస్‌పోర్టు..." అనేసరికి సోమరాజుగారి ముఖం పాలిపోయింది. చెమటలు కారాయి, చేతులు వణికాయి. హాలు చప్పట్లతో మోగింది.

"మన కోసం మనిషి ఎట్ల వణుకుతుండో సూడు," అన్నాడు ముత్యం, పక్కనున్న పరమేశ్‌తో, కళ్లు తుడుచుకుంటూ.

ఆ చప్పట్లలోనే సోమరాజుగారు కింద పడిపోయారు.

ఆసుపత్రిలో డాక్టర్ లుబ్నా రక్తం, మూత్రం, స్కాన్ అన్నీ చూసింది. "కిడ్నీ మీద అడ్రినల్ గ్రంథి ఉంటుంది. అందులో గడ్డ. అరుదైనదే గానీ క్యాన్సర్‌లా లేదు. బీపీని ఉన్నట్టుండి పెంచుతుంది. చెమట, వణుకు, గుండెదడ, అంతా దాని పనే."

"అంతానా?" అన్నారు సోమరాజుగారు.

"అంతా."

"మరి కార్మికుల మీద నాకున్న ఆవేదనండీ?"

"స్కాన్‌లో అది కనబడలేదు సార్."

కార్మికుల కన్నీళ్లే నాయకుడి ఒంట్లో గడ్డకట్టాయని వేదిక ప్రకటించింది. డాక్టర్లు రెండు వారాలు మందులతో బీపీని అదుపులో పెట్టి, పొట్టకు చిన్న రంధ్రాలు చేసి, గ్రంథితో సహా గడ్డను తీసేశారు.

ముత్యం యాపిల్ పళ్లు పట్టుకుని పరామర్శకు వెళ్లాడు. "సారూ, నా పాస్‌పోర్టు ముచ్చట..." అని, వణుకు కోసం ఎదురుచూశాడు. రాలేదు.

"మీ కఫీల్ నంబరుందా నీ దగ్గర?" అన్నారు సోమరాజుగారు.

రెండేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. ఆయన ఫోన్ చేసి, సలాం చెప్పి, పనివాడి పాస్‌పోర్టు దాచుకోవడం ఇక్కడి చట్టానికి విరుద్ధమని మెల్లగా గుర్తుచేశారు. టీ చల్లారకముందే అవతలి మనిషి ఖలాస్, ఇచ్చేస్తానన్నాడు. సాయంత్రానికి పాస్‌పోర్టు ముత్యం జేబులో ఉంది.

తర్వాతి సభలో సోమరాజుగారు నిలబడి, మామూలు గొంతుతో, "ఇంకెవరికైనా ఇలాంటి ఇబ్బందుంటే నంబర్లివ్వండి, ఫోన్ చేస్తాను," అని కూర్చున్నారు. వెనక వరసలో ఎవరో ఆవులించారు.

వెంటనే అధ్యక్ష పదవికి వేదిక సభ్యుడు శ్రీనివాసరాజు పేరును ఎవరో ప్రతిపాదించారు. ఆయన బల్ల గుద్దితే మైకు ఊడి కింద పడింది. హాలు లేచి నిలబడింది.

పరమేశ్ పాస్‌పోర్టు ఇంకా వేరే కఫీల్ దగ్గరే ఉంది. అయినా శ్రీనివాసరాజుకు ముందు చెయ్యెత్తింది అతనే. "నువ్వేమంటవ్ ముత్యం?"

ముత్యం జేబులో పాస్‌పోర్టు ఒకసారి తడుముకున్నాడు.

"సోమరాజు సారు మంచోడే గని, ఇప్పుడు మన మీద పాణం లేదురా ఆయనకు," అంటూ చెయ్యెత్తాడు.