దయచేసి వేయకండి

“నేటి నుండి మన పట్టణంలో ఏ ఇంటి తపాలా పెట్టెలోనూ అక్కర్లేని కాగితం పడదు. పడితే నేను పడినట్టే.”

మా మునిసిపల్ చైర్మన్ గారు మైకులో ఈ మాట అనగానే సభలో అందరూ చప్పట్లు కొట్టారు. నేను అందరికంటే కాస్త ఎక్కువసేపు కొట్టాను. నాది ప్రింటింగ్ ప్రెస్సు. ఊళ్లో గుమ్మాల్లో పడే అక్కర్లేని కాగితాల్లో చాలా భాగం నా దగ్గర పుట్టినవే. అంటే ఆయన నా వ్యాపారం మూయిస్తానని మైకులో చెబుతున్నారన్నమాట. అయితే వ్యాపారి అన్నవాడు సగం మాట విని ఏడవకూడదు. మిగతా సగం వచ్చేదాకా చప్పట్లు కొడుతూ ఉండాలి. ఆ మిగతా సగం కూడా వచ్చింది.

“ఇందుకుగాను ప్రతి పెట్టె మీదా ఒక స్టిక్కర్ అంటించబడును.”

కరపత్రం ఈ రోజు పడి ఈ రోజే చెత్తబుట్టలోకి పోతుంది. స్టిక్కర్ అయితే నాలుగు కాలాలు ఉంటుంది. నేను మళ్లీ చప్పట్లు కొట్టాను.

ఈ ఆలోచన వెనక ఒక త్యాగం ఉంది. ఒక ఉదయం చైర్మన్ గారు తమ ఇంటి పెట్టెలో చెయ్యి పెట్టారు. తివాచీలు ఉతుకుతామని ఒకటి, పిల్లలకు ఇంగ్లీషు నేర్పుతామని ఒకటి, ఎవరికైనా అప్పిస్తామని ఒకటి, కిటికీలకు వలలు బిగిస్తామని ఒకటి చేతికి తగిలాయి. వలల కాగితం అంచు తగిలి చూపుడువేలు తెగింది. ఆ వేలికి కట్టుతోనే ఆయన కౌన్సిల్‌కు వచ్చారు. ప్రజల కోసం రక్తం చిందించిన నాయకుడని ఆయన పీయే ప్రకటించాడు. తీర్మానం చర్చ లేకుండా నెగ్గింది. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి కాబట్టి ఆ వేలి కట్టు గాయం మానాక కూడా చాలా రోజులు ఉంది. ఆ కుర్చీలో ఇంకోసారి కూర్చోవడం తప్ప ఆయనకు ఈ లోకంలో వేరే కోరిక లేదు. అంత నిరాడంబరుడు.

స్టిక్కర్ డిజైన్ చూడడానికి ఆయనే స్వయంగా నా ప్రెస్సుకు వచ్చారు. కంప్యూటర్ ముందు మా బావమరిది కూర్చున్నాడు. తెర మీద ‘ఈ పెట్టెలో అనవసరమైన ప్రకటనలు, కరపత్రాలు దయచేసి వేయకండి’ అని ఉంది.

“నేనెక్కడ?” అన్నారు చైర్మన్ గారు.

“మీరా అండీ?”

“నా ఫొటో లేకుండా ఎవరి మాట ఎవరు వింటారయ్యా?”

బావమరిది ఫొటో పెట్టాడు. చైర్మన్ గారు నవ్వుతూ చెయ్యి ఊపుతున్న ఫొటో. పెట్టె మూత చిన్నది, ఫొటో పెద్దది. అక్షరాలు చీమల్లా అయిపోయాయి.

“మాటలు తగ్గించు,” అన్నాడు పీయే. “‘అనవసరమైన’ తీసెయ్. ఏది అనవసరమో రేపు మనల్నే అడుగుతారు.”

తీసేశాడు.

“‘ప్రకటనలు’ కూడా తీసెయ్. ప్రకటనలు చేసేది మనమే.”

అదీ పోయింది.

“‘కరపత్రాలు’ ఉండనిద్దామాండీ?” అన్నాడు బావమరిది.

“ఉంటే నా చెయ్యి తెగుతోంది కదా,” అన్నారు చైర్మన్ గారు. నిజమే, ఆ మాట ఉంచితే ఫొటోలో ఊపే చెయ్యి మణికట్టు దాకానే వస్తోంది.

“అంటించేదే పెట్టె మీద. మళ్లీ ‘ఈ పెట్టెలో’ ఎందుకు?” అన్నాడు పీయే.

చివరికి నిండుగా చైర్మన్ గారు, ఆయన కింద ‘దయచేసి వేయకండి’ మిగిలారు.

“ఏం వేయకూడదో తెలియాలి కదా బావా,” అని బావమరిది నా చెవిలో గొణిగాడు.

“కస్టమర్ మెచ్చిన ప్రూఫ్‌లో మనం తప్పులు పట్టం,” అన్నాను.

పథకం అద్భుతంగా పనిచేసింది. వారం తిరక్కుండా పెట్టెలన్నీ ఖాళీ అయ్యాయి. పోస్ట్‌మన్ ఉత్తరాలు కూడా వేయడం మానేశాడు. వీధి మధ్యలో నిలబడి పేరు పెట్టి పిలిచేవాడు, ఎవరికి బ్యాంకు నుంచి నోటీసు వచ్చిందో వీధంతటికీ తెలిసేది. దీనివల్ల ఇరుగుపొరుగు మధ్య సంబంధాలు పెరిగాయని పీయే పత్రికలకు చెప్పాడు.

ఆ తర్వాత స్టిక్కర్ సొంతంగా నడవడం మొదలుపెట్టింది. మా ఆవిడ ఒకటి తెచ్చి నా భోజనం కుర్చీకి ఎదురుగా అంటించింది.

“ఇదేంటే?” అన్నాను.

“కేకలు,” అంది.

ఇంటి పన్ను వేయడానికి గుమాస్తా మూలింటి మామ్మ దగ్గరికి వెళ్లాడు. మామ్మ తలుపుకు బిగించిన పెట్టె మీది స్టిక్కర్‌ను వేలితో చూపించింది.

“మామ్మగారూ, అది పన్ను గురించి కాదండీ.”

“పన్ను గురించి కాదని ఎక్కడ రాశారు? చూపించు నాయనా.”

గుమాస్తా స్టిక్కర్‌ను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాడు. చూపించలేకపోయాడు. సంగతి చైర్మన్ గారి దాకా వెళ్లింది. “ప్రజలు నా మాటను అంత గౌరవిస్తుంటే కాదనడానికి నేనెవర్ని?” అన్నారాయన. ఆ వారం ఎవరింటికీ పన్ను పడలేదు. అంతటి నాయకుడు మళ్లీ గెలవడమనేది ఇక లాంఛనమేనని నేను కూడా ప్రెస్సులో లెక్క కట్టుకున్నాను.

ఎన్నికల ప్రచారం మొదలైంది. ఎదుటి అభ్యర్థి లాడ్జి యజమాని. అతను ఒక్క కరపత్రం వేయించలేదు, ఒక్క సభ పెట్టలేదు. గుమ్మం గుమ్మానికీ వెళ్లి, తలుపు మీది స్టిక్కర్‌ను ఒక్కసారి చూసి, “పెద్దాయన అంతగా అడుగుతున్నారు, ఆయన మాట కాదనకండి,” అని చెప్పి వచ్చేసేవాడు. ఇంత పిసినారి ప్రచారం నా సర్వీసులో చూడలేదు.

చైర్మన్ గారు మూలింటి మామ్మను ఓటు అడగడానికి వెళ్లినప్పుడు నేనూ వెంట ఉన్నాను.

“పెద్దమ్మా, మరిచిపోకు. నీ ఓటు నాకే వేయాలి.”

“అదేంటి నాయనా? వేయొద్దని నువ్వే చెయ్యి ఊపుతూ చెప్పావు. రోజూ తలుపు తీస్తూ చూస్తున్నాను కదా.”

“అయ్యో, అది ఓటు గురించి కాదు పెద్దమ్మా. పెట్టెలో కాగితాలు వేయొద్దని.”

“మరి ఓటంటే ఏంటి?”

చైర్మన్ గారు పీయే వంక చూశారు. పీయే నా వంక చూశాడు. మా ఊళ్లో ఓటంటే కాగితమే. దాన్ని వేసేది పెట్టెలోనే.

“నీ మాట మీద నిలబడు నాయనా,” అంది మామ్మ. “నేను నీ మాట మీదే నిలబడతాను.”

ఆ సాయంత్రం ప్రెస్సులో అత్యవసర సమావేశం జరిగింది. చైర్మన్ గారి మొహంలో మొదటిసారి నవ్వు లేదు. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని కూర్చున్నారు, అది నా కుర్చీ అయినా సరే. వివరణ ఇస్తూ కరపత్రం వేద్దామన్నాను. వేయడానికి పెట్టెలు ఒప్పుకోవన్నాడు పీయే. స్టిక్కర్లు పీకిద్దామన్నాను. నా ఫొటో నేనే పీకించుకోవాలా అన్నారు చైర్మన్ గారు.

ఇంతలో బావమరిది తలెత్తకుండానే అన్నాడు. “ఒక్క ‘క’ తీసేస్తే చాలు కదండీ.”

చైర్మన్ గారు స్టిక్కర్‌లోని ‘క’ మీద కట్టు ఉన్న వేలు ఆనించి చదివారు. “దయచేసి… వేయండి.”

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ‘వేయకండి’ అని వంద మంది చెప్పగలరు, ఒక్క అక్షరంతో ప్రజల మనసు తిప్పగలిగేవాడు మాత్రం ఒక్కడే ఉంటాడని పీయే అన్నాడు. ఆ ఒక్కడు చైర్మన్ గారే అని కూడా చెప్పాడు. నేను ‘క’ అంత కొలతలో తెల్ల స్టిక్కర్లు కొట్టించాను. ఇంత చిన్న సరుకుకు ఇంత పెద్ద ఆర్డరు ఏ ప్రెస్సువాడూ చూసి ఉండడు.

“ఊళ్లో ఒక్క పెట్టె కూడా వదలొద్దు,” అని చైర్మన్ గారు కార్యకర్తలకు చెప్పారు. కార్యకర్తలు చెప్పిన మాట వినే రకం. ఒక్క పెట్టె కూడా వదల్లేదు. స్టిక్కర్ లేని పెట్టె కనిపిస్తే ముందు స్టిక్కర్ అంటించి, తర్వాత ‘క’ మూశారు.

తివాచీలవాళ్లు, ఇంగ్లీషువాళ్లు, అప్పులవాళ్లు, వలలవాళ్లు ఇన్నాళ్లూ కాగితాలు కట్టలు కట్టుకుని కూర్చున్నారు. ఇప్పుడు ఊరంతా చైర్మన్ గారు నవ్వుతూ దయచేసి వేయమంటున్నారు. వాళ్లు వేశారు. పెట్టెలు నిండాయి, మూతలు లేచాయి, కాగితాలు గుమ్మాల్లోకి జారి తలుపులు తెరుచుకోకుండా అడ్డం పడ్డాయి. మూలింటి మామ్మ కిటికీలోంచి కూరగాయలు అందుకుంటోందని విన్నాను. నా ప్రెస్సు మిషన్లు చల్లబడలేదు. కొత్తగా పళ్లపొడివాళ్లు కూడా వచ్చి, అందరికంటే పెద్ద ఆర్డరు ఇచ్చారు.

పోలింగ్ ముందు రోజు ఎన్నికల అధికారి పీయేకు ఫోన్ చేశారు. ఓటు పెట్టెల మీద అభ్యర్థి ఫొటో అంటించారేమిటని అడిగారు.

“అది ప్రచారం కాదండీ, పౌరులకు సూచన. ‘దయచేసి వేయండి’ అనేగా ఉంది? ఎవరికి అని లేదు కదండీ?”

అధికారి నిబంధనల మనిషి. రెండుసార్లు చదివి, ఇందులో తప్పుపట్టడానికి ఒక్క మాట కూడా లేదని ఒప్పుకున్నారు.

పోలింగ్ రోజున ఊరు ఊరంతా కదిలింది. అంత పెద్ద వరుసలు ఎప్పుడూ లేవు. అందరి చేతుల్లో సంచులున్నాయి. మూలింటి మామ్మ సంచి రెండు చేతులతో మోసుకొచ్చింది. ఓటు కాగితం పెట్టెలో వేసింది. తర్వాత సంచి విప్పి, ఇంట్లో పడిన కాగితాలన్నీ ఒక్కొక్కటే అందులో వేయడం మొదలుపెట్టింది.

“అమ్మా, ఏం చేస్తున్నారు?” అన్నాడు పోలింగ్ ఉద్యోగి.

ఆమె పెట్టె మీది స్టిక్కర్ చూపించింది. “పెద్దమనిషి అడుగుతున్నాడు. ఇంట్లో ఎలాగూ చోటు లేదు.”

ఉద్యోగి స్టిక్కర్ చదివాడు. పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

లెక్కింపు గదిలో పెట్టెలు తెరిచేసరికి చైర్మన్ గారు ముందువరుసలో ఉన్నారు. బల్లల నిండా కాగితాలు కుప్పపోశారు. లాడ్జి యజమాని అభ్యంతరం చెప్పాడు. అధికారి పుస్తకం తీశారు.

“పెట్టెలో పడిన కాగితాలను లెక్కించవలెను అని ఉంది. ఏ కాగితాలు అని లేదు.”

“ఓటు కాగితాలని అర్థం చేసుకోవాలి కదా?”

“అర్థం చేసుకోవలెను అని కూడా లేదు.”

లెక్కించారు. లాడ్జి యజమాని ఏడో స్థానంలో వచ్చాడు. మా చైర్మన్ గారు వలలు, అప్పులు, ఇంగ్లీషు, తివాచీల తర్వాత ఆరో స్థానంలో వచ్చారు. తిరుగులేని మెజారిటీతో మొదటి స్థానంలో వచ్చింది ఒక పళ్లపొడి కరపత్రం. దాని మీద ఎవరో ఒక మనిషి అన్ని పళ్లూ కనపడేలా నవ్వుతున్నాడు. అధికారి లేచి నిలబడి, గొంతు సవరించుకుని, విజేత పళ్లపొడి వారని యథావిధిగా ప్రకటించారు. చైర్మన్ గారు వేలి కట్టు విప్పి జేబులో పెట్టుకున్నారు.

ఆ రాత్రే రాజధాని నుంచి పార్టీ అధ్యక్షులు దిగారు. నేరుగా ప్రెస్సుకు వచ్చారు. చైర్మన్ గారు, పీయే ఆయన వెనక నిలబడ్డారు. అధ్యక్షులు కరపత్రం నా ముందు పెట్టి, నవ్వుతున్న మనిషి మీద వేలు ఉంచారు.

“ఇది నువ్వు కొట్టిందే కదా. ఇతనెవరు? వెంటనే మన పార్టీలో చేర్చుకోవాలి. అవతలివాళ్లు ముందు పట్టుకుంటే కష్టం.”

“ఎవరూ కాదండీ,” అన్నాను. “మా బావమరిది కంప్యూటర్లో దొరికిన బొమ్మ.”

“అసలు మనిషి లేడా?”

“లేడండీ.”

“అంటే మాట్లాడడా?”

“మాట్లాడడండీ.”

“టికెట్టు అడగడు. అలగడు. అవతలి పార్టీలోకి పోడు.”

“నేను చూసినంతలో ఇలా నవ్వుతూనే ఉంటాడండీ.”

అధ్యక్షులు కుర్చీలో వెనక్కి వాలారు. చాలా ఏళ్లుగా మోస్తున్న బరువేదో దిగిపోయినట్టు ఆయన మొహం తేలికపడింది.

“ఎల్లుండి ప్రమాణ స్వీకారం. నిలువెత్తుది ఒకటి వేయి. గట్టి అట్ట మీద వేయి, గాలికి పడకూడదు.”

“వేస్తానండీ. కానీ ఎంత గట్టి అట్టయినా దానంతటది నిలబడదు. వెనక నుంచి పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి.”

అధ్యక్షులు వెనక్కి తిరిగి మా చైర్మన్ గారి వైపు చూశారు.