పొనికి చెక్క టర్బో

ఆ బుధవారం పొద్దున సుదర్శన్‌రావు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. నిర్మల్ నుంచి బస్సులో వచ్చే పెట్టెను రైస్‌మిల్లు దగ్గర దించుకోవాలి. దాన్ని మెకానిక్ జలాలుద్దీన్ షెడ్డుకు చేర్చాలి. మధ్యాహ్నం ఏమీ ఎరగనట్టు ఇంటికి భోజనానికి రావాలి. ఇంత పనికి ఆయన నాలుగు రోజులుగా అన్నం సరిగా తినలేదు. హుజూరాబాద్‌లో సొంత మిల్లు నడుపుతున్నాడు, నలభైకి దగ్గరపడ్డాడు, అయినా భార్య ప్రమోదిని గ్లాసు కాస్త గట్టిగా కింద పెడితే చాలు, తన తప్పేమిటా అని వెతుక్కుంటాడు.

ఈసారి వెతుక్కోనక్కరలేదు. తప్పు ఇంటి ముందరే ఉంది. అది తండ్రి అరవై తొమ్మిదిలో కొన్న అంబాసిడర్. పన్నెండేళ్ల వయసులో తండ్రి పక్కన కూర్చుని దాని గేర్లు మార్చడం నేర్చుకున్నాడు. తండ్రి పోయిన రోజు అందరూ ఇంట్లో ఏడుస్తుంటే ఈయన వెళ్లి ఆ కారులో కూర్చుని ఏడ్చాడు. ఆ కారు పోయిన దసరాకు ప్రమోదిని పుట్టిల్లు బోథ్‌కు వెళ్తూ, నిర్మల్ దాటాక వచ్చే కొండదారి మహబూబ్ ఘాట్ మూడో మలుపులో ఆయాసపడి ఆగింది. అత్తగారు జానకీబాయి దిగి ఘాటంతా నడిచారు. ఆమె చేతిలోని అరటిపండ్ల సంచీని కోతులు పట్టుకుపోయాయి. సరిగ్గా అప్పుడే బామ్మర్ది జగన్మోహన్‌రావు కొత్త మారుతిలో పక్కకొచ్చి ఆపాడు.

"బావా, నూకమంటవా?" అని మర్యాదగానే అడిగాడు. ఆ మర్యాద ఈయన మనసులో ముల్లులా ఉండిపోయింది.

ప్రమోదిని ఆ సాయంత్రమే తేల్చి చెప్పింది. "ఇంకోసారి గీ బండి ఘాట్ మీద ఆగిందంటే, అక్కడ్నే అమ్మేద్దాం. దీని మీద ఇంకేం పెట్టొద్దు, ఎవ్వనికి చూపెట్టొద్దు." ఇప్పుడు శనివారం బోథ్‌లో జగన్మోహన్‌రావు గృహప్రవేశం. శుక్రవారం బయలుదేరాలి. కూతురి దగ్గర ఉంటున్న జానకీబాయిని కూడా తీసుకెళ్లాలి. జగన్మోహన్‌రావు ముందుచూపున్నవాడు గనుక, ఇచ్చోడ నుంచి పాత కార్లు కొనే శేఠ్‌ను కూడా గృహప్రవేశానికి పిలిచాడు.

దిక్కుతోచక సుదర్శన్‌రావు జలాలుద్దీన్‌ను ఆశ్రయించాడు. జలాలుద్దీన్ ఒకప్పుడు శ్రీరాంపూర్‌లో బొగ్గు మోసే పెద్ద లారీలు బాగుచేసినవాడు. "రావ్‌సాబ్, మీ బండి తన గాలి తనే పీల్చుకుంటది. ఎంత పీల్చితే గంతే దమ్ము. గా లారీలకు టర్బో ఉంటది. అది గాలిని లోపటికి నూకుతది, పొయ్యికి ఊదుగొట్టం లెక్క. దోస్తు దగ్గర పాతది ఒకటున్నది. మన బండిల పడుతదా లేదా, గదే ఫికర్."

ఇనుప టర్బోను మోసుకొచ్చి, పట్టకపోతే మళ్లీ మోసుకెళ్లడం కంటే, అదే కొలతతో చెక్కది చేయించి బానెట్ కింద పెట్టి చూద్దామని ఇద్దరూ అనుకున్నారు. చెక్కది పడితే గురువారం ఇనుపది తెచ్చి రాత్రికల్లా బిగించేస్తానని జలాలుద్దీన్ మాటిచ్చాడు. నత్తగుల్లలా చుట్టుకున్న ఆకారం, రెండు వైపులా రెండు గొట్టాలు. కేలండర్ కాగితం వెనక బొమ్మ గీసి, కొలతలు రాసి, నిర్మల్‌లో బొమ్మలు చేసే అంబదాస్‌కు పంపారు. అది దేనికో రాయలేదు. రాస్తే ఆ మాట ఎటు తిరిగి ఎటు వచ్చి ప్రమోదిని చెవిన పడుతుందోనని సుదర్శన్‌రావు భయం.

అంబదాస్ కొలత తప్పలేదు. కానీ బొమ్మలు చెక్కే పొనికి చెక్కను రంగు వేయకుండా గడప దాటించడం వాళ్ల ఇంట్లో మూడు తరాలుగా లేదు. అందుకని గుల్లంతా బంగారు రంగు పూశాడు. గొట్టాల చుట్టూ ఆకుపచ్చ తీగ అల్లాడు. పొట్ట మీద, తోక విప్పిన నెమలిని వేశాడు. "రంగు మా తరఫున" అని చీటీ పెట్టి, గడ్డి కూరి, పెట్టెను బస్సెక్కించాడు. మిల్లు దగ్గర ఆపమంటే ఆపకుండా, రావుగారి ఇల్లు తనకు తెలుసుననే ఉత్సాహంతో, కండక్టర్ దాన్ని నేరుగా ఇంట్లో దించి వెళ్లాడు.

సుదర్శన్‌రావు మిల్లు ముందు రెండు గంటలు నిలబడి ఇంటికొచ్చేసరికి, హాల్లో బల్ల మీద టర్బో మెరుస్తోంది. చుట్టూ పక్కింటి ఆడవాళ్లు నలుగురు కూర్చుని ఉన్నారు.

"నాకు అంతా తెలిసిపోయింది," అంది ప్రమోదిని. ఆశ్చర్యం, ఆమె నవ్వుతోంది.

"ఎవరు చెప్పిండ్రు?"

"ఒకరు చెప్పాల్నా? చూస్తే తెలుస్తలేదా? దాచిపెట్టి చేయించిండ్రు."

"నీకు కోపం రాలేదా?"

"కోపమెందుకొస్తది? మా తమ్ముని కోసమే గద."

సుదర్శన్‌రావు ఆలోచించాడు. బామ్మర్ది ముందు పరువు దక్కడం కోసమే కదా ఇదంతా. "ఒక లెక్కన మీ తమ్ముని కోసమే," అన్నాడు నెమ్మదిగా.

ఆమె కళ్లు చెమర్చాయి. "వాడంటే మీకు పడదనుకున్న. గృహప్రవేశానికి గింత మంచి వస్తువు చేయిస్తరని కలల గూడ అనుకోలే. ఇప్పుడే బోథ్‌కు ఫోన్ చేసి చెప్పిన. ఊర్ల ఎవ్వరింట్ల లేని కానుక తెస్తున్నమన్న."

కానుక అన్న మాట వినగానే ఆయనకు విషయం అర్థమైంది. నిజం చెప్పాలని నోరు తెరిచాడు. కానీ ప్రమోదిని తన పుట్టింటి విషయంలో ఆయనను అంత ప్రేమగా చూసి చాలా ఏళ్లయింది. తెరిచిన నోటితో మంచినీళ్లు తాగాడు.

ఆ రోజంతా కానుక బల్ల మీద నుంచి కదల్లేదు. అది పూలకుండీ అని పక్కింటి పోశవ్వ అంది. జానకీబాయి మాత్రం అది దీపపు దిమ్మె అని, పెద్ద గొట్టంలో నూనె, చిన్న గొట్టంలో వత్తి అని ఖాయం చేశారు. వచ్చినవాళ్లందరూ నెమలిని ముట్టుకుని చూసి వెళ్లారు. ఇనుపది తేవడానికి మిగిలిన సమయం అలా కరిగిపోతుంటే సుదర్శన్‌రావు కిటికీ దగ్గర నిలబడి గడియారం చూసుకుంటూ ఉన్నాడు.

గురువారం పొద్దున పెట్టెకు మేకులు కొట్టించుకొస్తానని అబద్ధం చెప్పి, కానుకనూ కారునూ కలిపి షెడ్డుకు తీసుకెళ్లాడు. జలాలుద్దీన్ నెమలిని వేలితో తడిమి చూశాడు.

"దీనికి గీత పడొద్దు భాయ్. చూసి జల్దీ తియ్యి. రేపు బోథ్‌ల ఇయ్యాలె."

"జర ఆగుండ్రి," అంటూ జలాలుద్దీన్ బానెట్ ఎత్తి, అడ్డంగా ఉన్న, ఇంజన్‌కు గాలిని వడగట్టే గాలి డబ్బా విప్పి పక్కన పెట్టాడు. సైలెన్సర్ గొట్టానికి ఎడంగా చూసి, చెక్క టర్బోను వాలుగా లోపలికి దించి, అరచేత్తో ఒక్కటి చరిచాడు. అది చక్కగా కూర్చుంది. "పట్టింది," అన్నాడు సంతోషంగా. ఆ తర్వాత చాలాసేపు సంతోషం లేదు. లోపలికి పోయిన వస్తువు బయటికి రాలేదు. ఎటు తిప్పినా ఒక గొట్టం ఇనుప బద్దకు తగులుతోంది.

"కోస్తె వస్తది," అన్నాడు జలాలుద్దీన్ గంట తర్వాత.

"కానుక కోస్తవా?"

"లేకుంటె ఇంజన్ దించాలె. రెండు రోజులు పడుతది."

సుదర్శన్‌రావు స్టూలు మీద కూలబడ్డాడు. కోస్తే ప్రమోదినికి మొహం చూపించలేడు. ఇంజన్ దించితే ప్రయాణం లేదు. ఉన్నదున్నట్టు వెళ్తే ఘాట్ మీద కారు ఆగుతుంది, ఆగితే అమ్ముడవుతుంది. పైగా ఇంజన్ వేడికి చెక్క అంటుకుంటే అమ్మడానికి కారు కూడా ఉండదు.

"అంటుకుంటదా భాయ్?"

"సైలెన్సర్‌కు దూరంగనే ఉన్నది. అంటుకోదు గావచ్చు," అన్నాడు జలాలుద్దీన్, గాలి డబ్బా దులిపి మళ్లీ బిగిస్తూ. "రావ్‌సాబ్, ఇంకో ముచ్చటున్నది. గీ డబ్బాల..."

"ఇంకో ముచ్చట వద్దు. నేను గీ ఒక్క ముచ్చటనే మోయలేకపోతున్న," అని సుదర్శన్‌రావు కారెక్కి, ఖాళీ పెట్టెకు మేకులు కొట్టించి డిక్కీలో పెట్టుకుని ఇంటికెళ్లాడు.

శుక్రవారం నిర్మల్ దాటేదాకా ఆయన చూపు బానెట్ మీదే ఉంది. ఘాట్ మొదలవగానే రెండో గేరులో వేసి, స్టీరింగును రెండు చేతులా పట్టుకున్నాడు. వెనక సీట్లో జానకీబాయి అరటిపండ్ల సంచీని కొంగు కింద దాచుకున్నారు.

"ఏందో వాసనొస్తున్నది, సాంబ్రాణి లెక్క," అన్నారావిడ.

అది నెమలి రంగు కాలుతున్న వాసన అని ఒక్క సుదర్శన్‌రావుకే తెలుసు. ఆగి చూస్తే మళ్లీ ఎక్కదు. ఆగకపోతే ఏమవుతుందో తెలియదు. మొదటి మలుపు వచ్చింది, పోయింది. రెండోది పోయింది. మూడో మలుపులో ఆయన ఊపిరి బిగబట్టాడు. కారు మాత్రం బిగబట్టలేదు. పాతికేళ్ల వయసు తగ్గినట్టు హాయిగా పైకి నడిచింది. కోతులు రోడ్డు పక్కనే కూర్చుని చూస్తూ ఉండిపోయాయి.

"ఏమండి, ఘాట్ అయిపోయింది. గేరు మార్చుండ్రి," అంది ప్రమోదిని, పైకెక్కి ఆరు కిలోమీటర్లు పోయాక.

బోథ్‌లో కొత్త ఇంటి ముందు జగన్మోహన్‌రావు, ఆయన పక్కన ఇచ్చోడ శేఠ్, కానుక చూద్దామని వచ్చిన పాతికమంది నిలబడి ఉన్నారు. "ఎక్కడ ఆగింది బావా?" అన్నాడు జగన్మోహన్‌రావు ఎదురొచ్చి.

"ఎక్కడా ఆగలే," అన్నారు జానకీబాయి, అరటిపండ్లు కొడుకు చేతిలో పెడుతూ.

ప్రమోదిని ఆ మాటలేవీ వినకుండా డిక్కీ తెరిపించి, పెట్టె దింపించి, మేకులు తీయించింది. లోపల గడ్డి ఉంది. గడ్డి కింద ఇంకొంచెం గడ్డి ఉంది. ఆమె భర్త వైపు తిరిగింది. ఆ చూపుకు సుదర్శన్‌రావు బుధవారం నుంచి ఎదురు చూస్తున్నాడు గనుక, అది వచ్చేసరికి ఆయనకు కాస్త నెమ్మదించినట్టయింది. వెళ్లి బానెట్ ఎత్తాడు.

తోక చివర కాస్త మసి తప్ప నెమలి క్షేమంగా ఉంది. మసి పట్టిన ఇనుము మధ్య బంగారు గుల్ల ధగధగ మెరిసింది. అందరూ ముందుకు వంగారు.

"ఇది కానుక గాదు. టర్బో నమూనా," అన్నాడాయన. "చెక్కది. బండిల పడుతదా లేదా చూడనీకి చేయించిన, ఇరుక్కుపోయింది. దీంతోని ఏం కాదు. ప్రమోదినీ, నీకు చెప్పలేదు, తప్పే. బండి అమ్మేస్తనంటివి, బాపు బండి. భయమైంది."

జీవితంలో ఆయన ఇంత నిజం ఒకేసారి ఎప్పుడూ చెప్పలేదు. ఒక్కరూ నమ్మలేదు.

"ఏం గాకపోతె ఘాట్ ఎట్ల ఎక్కింది?" అన్నాడు జగన్మోహన్‌రావు, గుల్లను గోటితో తడుతూ.

"నాకు తెల్వదు."

"చెప్పనీకి ఇష్టం లేకుంటె లేదను బావా. తెల్వదంటవేంది?"

ఇచ్చోడ శేఠ్ జగన్మోహన్‌రావును పక్కకు పిలిచి, టర్బో తీయకుండా ఇస్తే బండి ఇప్పుడే తీసుకుంటానన్నాడు. జగన్మోహన్‌రావు ఆ మాట అక్కకు చేరవేశాడు. సుదర్శన్‌రావు భార్య మొహం చూశాడు.

"అమ్మేది లేదు," అంది ప్రమోదిని. "మా మామ కొన్న బండి. గింత మంచి బండిని ఎవరన్న అమ్ముకుంటరా?" తర్వాత భర్త దగ్గరకొచ్చి, ఆయనకొక్కడికే వినబడేలా అంది. "నాకు చెప్తే ఏమైతుండె? నేనేమన్న పులినా?" సుదర్శన్‌రావు బానెట్ జాగ్రత్తగా దించాడు. తమ్ముడికి కొత్త బట్టలు పెట్టి ప్రమోదిని కానుక సంగతి అప్పటికి ముగించింది.

సోమవారం షెడ్డుకు వెళ్తే జలాలుద్దీన్ ఒక డబ్బా తెచ్చి ముందు పెట్టాడు. దాని నిండా తవుడు.

"మీ గాలి డబ్బాలకెళ్లి తీసిన రావ్‌సాబ్. బండి రోజూ మిల్లు గాలిపంకా ముంగట పెడుతున్నరు గద. గది గాలి పీల్చుడు బందై ఎన్నేండ్లాయెనో. గురువారమే చెప్తనంటె మీరు వినకపోతిరి." తర్వాత అడిగాడు. "ఇనుపది తేవాల్నా?"

"వద్దు," అన్నాడు సుదర్శన్‌రావు. తవుడు వేళ్లతో ముట్టుకుని చూసుకున్నాడు. బామ్మర్దికి ఫోన్ చేసి అసలు సంగతి చెప్పేయాలని, ఈసారి నిజంగానే, నిశ్చయించుకుని ఇంటికెళ్లాడు.

ఇంట్లో నిర్మల్ బస్సు కండక్టర్ ఇచ్చి వెళ్లిన చీటీ ఉంది. అంబదాస్ రాశాడు: "మీకు చేసిన వస్తువు లాంటిదే తమకూ కావాలని బోథ్ జగన్మోహన్‌రావు గారు స్వయంగా వచ్చి చెప్పి పోయినారు. మీకు తెలియనీయవద్దన్నారు, కానీ కొలత మీదే గనుక అడుగుతున్నాను. తొందరగా కావాలి, నెమలి లేకపోయినా పని చేస్తుందా అని అడుగుతున్నారు. ఏమని చెప్పమంటారు?"

నెమలి తప్పనిసరి అని సుదర్శన్‌రావు ఆ రోజే జవాబు రాశాడు.